అంచు దెబ్బ

సోఫాలు కుట్టేవాడి నోట్లో ఎప్పుడూ మేకులుంటాయి. గుప్పెడు చిన్న మేకులు నోట్లో పోసుకుని, నాలుకతో ఒక్కొక్కటే తిప్పి పెదాల దగ్గరికి తెచ్చి, అయస్కాంతం సుత్తితో అందుకుని కొయ్యలోకి దించాలి. ఎడమచెయ్యి రెగ్జిన్ లాగి పట్టుకుని ఉంటుంది, కుడిచేతిలో సుత్తి ఉంటుంది. మేకులకి నోరు తప్ప చోటు లేదు. బతుకంతా అలాగే గడిచింది కాబట్టి నాకు మాట్లాడడం పెద్దగా అలవాటు కాలేదు. "మా నాన్న నోరు తెరవాలంటే ముందు ఉమ్మాలి" అని మా అమ్మాయి స్టేజీ మీద చెప్పి జనాన్ని నవ్విస్తుంది. నవ్వుకోనీ అని ఊరుకుంటాను.

పగలు సోఫాలు, సాయంత్రం డ్రమ్ములు. మాది ముగ్గురి గుంపు. పాటలు కట్టేది అమ్మాయి. గిటారు వాయిస్తుంది, పాడుతుంది కూడా. పగటిపూట పళ్ళ డాక్టరు దగ్గర కూర్చుని వచ్చినవాళ్ళని పేరు పెట్టి లోపలికి పంపుతుంది. ఎక్కువ పాటలు పాడేది నా బావమరిది, అంటే దాని మేనమామ. బస్సు నడిపి రిటైరయ్యాడు. ఇంజను పక్కన కూర్చుని కూర్చుని ఎడమచెవి పోయింది. గొంతు మాత్రం నిగనిగలాడుతూ ఉంది. షాపు మూశాక షట్టరు సగం దించి సోఫాల మధ్యనే వాయించుకునేవాళ్ళం. స్పాంజి, గోనెపట్టా, కుర్చీల పొట్టలు అన్నీ కలిసి చప్పుడంతా మింగేసేవి. పక్క షాపువాళ్ళు ఒక్కనాడూ గొడవకి రాలేదు.

మా ఆవిడ ఉన్నప్పుడు నలుగురం. తను తమ్ముడి పక్కన నిలబడి వంత పాడేది. ఆ తమ్ముడికి ఒక జబ్బుంది. పల్లవి పాడి కళ్ళు మూసుకుంటాడు, ఇక చరణం ఎత్తుకోవాలన్న సంగతే మర్చిపోతాడు. మోచేత్తో డొక్కలో పొడిచేది అక్క. ఉలిక్కిపడి ఎత్తుకునేవాడు. వినేవాళ్ళు అది పాటలో విరుపనుకునేవాళ్ళు. తను పోయాక పొడిచేవాళ్ళు లేరు. అందుకని చరణం ముందు సైడ్ డ్రమ్ము అంచు మీద పుల్లతో ఒక్క దెబ్బ కొట్టడం మొదలుపెట్టాను. టక్. అతని కుడిచెవి నా వైపుంటుంది. టక్ అనగానే కళ్ళు తెరిచి ఎత్తుకుంటాడు. అంచు దెబ్బ సంగతి అంతే. అందులో సంగీతం ఏమీ లేదు.

పోయిన ఏడు అమ్మాయి ఆల్బమ్ వేద్దామంది. ఏ కంపెనీ గడపా తొక్కదట. తనే చేస్తుందట, తనే అమ్ముకుంటుందట. మేనమామ ఎగిరి గంతేశాడు.

"బావా, మన గొంతులు మనం పోయాక కూడా ఉంటాయి."

"నీది ఉంటే చాలు కదరా. నాది గొంతు కాదుగా."

"చెయ్యీ ఉంటుంది బావా. నువ్వు పోయాక కూడా సుత్తి చప్పుడు వినపడుతూనే ఉంటుంది, ఇరుగుపొరుగుకి మనశ్శాంతి ఉండదు."

నవ్వేశాను గానీ ఆ మాట నా లోపల పడి ఉండిపోయింది. కుట్టిన సోఫాలు చిరిగిపోతాయి. అవతలకి విసిరేస్తారు. చెయ్యి ఉంటుందంటే మనసుకి బాగానే అనిపించింది.

రికార్డింగు గది గోడలకి నేను కుర్చీల్లో పెట్టే స్పాంజే అంటించారు. అక్కడ అందరినీ కలిపి వాయించనివ్వలేదు. ఒక్కొక్కరినే లోపలికి పంపారు. చెవులకి డిప్పలు పెట్టారు, వాటిలో టిక్కు టిక్కుమని గడియారంలాంటి చప్పుడు. దానితో నడవాలన్నాడు ఆ గది మనిషి. ఎప్పుడూ టోపీ పెట్టుకునే ఉంటాడు, మేమంతా టోపీ అనే పిలిచేవాళ్ళం. బావమరిది భుజం లేచి దిగడం చూస్తూ వాయించేవాణ్ణి నేను. అద్దం అవతల టోపీ, ఇవతల నేను. ఎవరి భుజం చూడను? పైగా అప్పటికే షాపులో సుత్తి రెండుసార్లు బొటనవేలి మీద పడింది. ఎడమచెయ్యి చెప్పినట్టు వినడం మానేస్తోంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, అడిగినవాళ్ళూ లేరు.

పాట అయినప్పుడల్లా టోపీ బొటనవేలు పైకెత్తి "అదిరింది పెద్దాయనా" అనేవాడు. ఏ పాటా అదరలేదని ఆ బొటనవేలికీ తెలుసు. ఏవైనా తేడాలుంటే మెషిన్లో సర్దుతారని అమ్మాయి చెప్పింది. సరేననుకున్నాను. సోఫాలోనూ అంతే, కొయ్య కాస్త వంకరైతే స్పాంజి సర్దుతుంది.

విడుదల రోజు దాకా నువ్వు వినకూడదని అమ్మాయి పట్టు పట్టింది. అందరితో కలిసి వింటేనే సరదా అంది. అందులో ఒక పాట ముందుగా ఫోన్లలోకి వదిలారు. అది అమ్మాయి ఒక్కతే పాడిన పాట, మేనమామ అందులో లేడు. నా ఫోను మాట్లాడడానికే, దానికీ పెద్దగా పని లేదు. అందుకని అదీ వినలేదు.

విడుదల పాత సినిమా హాల్లో పెట్టారు. కుర్చీలన్నీ ఎవడో చేతకానివాడు కుట్టినవి, మేకుల తలలు బయటికి కనిపిస్తున్నాయి. గుమ్మం దగ్గర బల్ల మీద రికార్డులు పేర్చారు. నల్లటి పెద్ద రికార్డు, అట్ట మీద మా షాపు షట్టరు బొమ్మ. వెనక్కి తిప్పాను. డ్రమ్ములు అని రాసి, పక్కన నా పేరు. అంతకు ముందు నా పేరు అచ్చులో కరెంటు బిల్లు మీదే చూశాను. దాని మీద వేలు పెట్టి ఒక్కో అక్షరమే చదువుకున్నాను. అమ్మాయి నన్నే చూస్తోంది.

"బాగుందా నాన్నా?"

తలూపాను. అది నా భుజం మీద తల ఆనించి ఒక్క క్షణం ఉండి వెళ్ళిపోయింది.

ముందు రికార్డు మొత్తం వినిపించి తర్వాత మా చేత వాయించాలని ఏర్పాటు. దీపాలు తగ్గించారు. మొదటి పాట మొదలయింది. నా నడకే, నా బరువే. పెద్ద డ్రమ్ము మీద నేను ఒక్క పిసరు ఆలస్యంగా వేస్తాను, ఆ ఆలస్యమూ ఉంది. ఇంత బాగా వాయించానా అనుకున్నాను. పక్కవాళ్ళు తిరిగి తిరిగి చూస్తున్నారు. ముందు వరసలో ఒకాయన చెయ్యెత్తి నాకు దణ్ణం పెట్టాడు. రెండో పాటలోనూ అంతే. అంచు దెబ్బ పడింది, బావమరిది చరణం ఎత్తుకున్నాడు, హాలంతా ఈలలు. ముసలితనాన నాకూ ఒక మంచి రోజు వచ్చిందనుకున్నాను.

తర్వాత అమ్మాయి ఒక్కతే పాడిన పాట వచ్చింది. పల్లవి అయింది.

టక్.

హాలు హాలంతా ఆ దెబ్బకి కలిసి ఒక్క చప్పట్టు కొట్టింది. ఫోన్లలో విని విని వాళ్ళకది అలవాటైపోయింది. నాకు మాత్రం ఎవరో డొక్కలో పొడిచినట్టయింది.

ఆ పాటలో నేను అంచు దెబ్బ ఎందుకు కొడతాను? ఎవరిని లేపడానికి? అమ్మాయి ఏనాడూ చరణం మర్చిపోలేదు. దాని పాటలో ఆ దెబ్బ నేను షాపులో కొట్టలేదు, ఆ స్పాంజి గదిలో కొట్టలేదు, కలలో కూడా కొట్టను. రెండో చరణం ముందు మళ్ళీ టక్. మళ్ళీ చప్పట్టు. ఆ చెయ్యి నాది కాదు.

తల తిప్పి బావమరిదిని చూశాను. తేలు కుట్టిన దొంగలా తన బూట్లు చూసుకుంటున్నాడు. అతని నోట్లో నువ్వుగింజ నానదు. బస్సులో ఎక్కినవాడి ఇంటి గుట్టు దిగేవాడికి చెప్పే మనిషి. అలాంటివాడు ఇన్ని నెలలు దాచాడంటే ఎంత గట్టిగా ఒట్టు వేయించుకుని ఉంటారు!

వెనక గోడకి ఆనుకుని ఒక నడివయసు మనిషి నిలబడి ఉన్నాడు. చేతులు కుర్చీ వీపు మీదున్నాయి. వేళ్ళు కదులుతున్నాయి. పాటని వింటూ కొట్టేవాడి వేళ్ళు పాట వెనక వస్తాయి. ఇతనివి ఒక్క పిసరు ముందే పడుతున్నాయి.

రికార్డు అయ్యాక అందరూ టీల దగ్గర మూగారు. అతను నీళ్ళ పంపు దగ్గర చేతులు కడుక్కుంటూ దొరికాడు. పక్కన నిలబడ్డాను. నన్ను చూడగానే అతని ముఖం వాడిపోయింది.

"నువ్వేనా?" అన్నాను.

పంపు కట్టేసి చేతులు చొక్కాకి తుడుచుకున్నాడు. "మీకు తెలియదని చెప్పారు. రావద్దనే అన్నారు. వినాలనిపించి వచ్చాను."

"ఎన్ని పాటలు?"

"అన్నీనండీ." ఆగి, "మీ టేపు ఇచ్చారు. అచ్చం ఇలాగే ఉండాలి, నిలకడగా ఉండాలి అన్నారు. వారం రోజులు మిమ్మల్నే విన్నాను మాస్టారూ. ఆ ఆలస్యం పట్టుకోవడానికి చచ్చినంత పనైంది."

"టక్?"

"అది తప్పకుండా పెట్టమన్నారు మీ అమ్మాయి. మా నాన్న గుర్తు అదే అన్నారు. ఏ పాటలో వద్దో చెప్పలేదు. అన్నింట్లో పెట్టేశాను." నా ముఖం చూసి గొంతు తగ్గించాడు. "తప్పు పెట్టానా?"

"జనానికి నచ్చిందిగా. నీ పేరేదీ అట్ట మీద?"

నవ్వాడు. ఆ నవ్వులో నవ్వేమీ లేదు. "నా పేరు ఏ అట్ట మీదా ఉండదండీ. చెయ్యి వణికేవాళ్ళకి, తాళం రానివాళ్ళకి, ఊళ్ళో లేనివాళ్ళకి అందరికీ నేనే వాయిస్తాను. సగం రికార్డుల్లో ఉన్నాను, ఎక్కడా లేను."

"స్టేజీ మీద చెప్పేస్తాను."

అతను నా మోచెయ్యి పట్టుకున్నాడు. "మీకు పుణ్యముంటుంది, ఆ పని మాత్రం చెయ్యకండి. బాగా వాయిస్తానని కాదు, నోరు మూసుకుంటానని పిలుస్తారు నన్ను. మీ నోటి నుంచి నా పేరు వచ్చిందంటే రేపటి నుంచి గడపలోకి రానివ్వరు. మీదొక్క రికార్డు. నాది రోజూ తిండి."

వెళ్ళిపోయాడు. అతని సొమ్ము అతనికిద్దామన్నా పుచ్చుకోవడం లేదు.

స్టేజీ వెనక గదిలో అమ్మాయి గిటారు తీగలు బిగిస్తోంది. బావమరిది గోరువెచ్చటి నీళ్ళు పుక్కిలిస్తున్నాడు. తలుపు మూశాను.

"ఆ చెయ్యి నాది కాదు" అన్నాను.

పుక్కిలింత ఆగింది. అమ్మాయి తీగ వదిలేసింది.

"నాన్నా, ఇప్పుడా? జనం కూర్చుని ఉన్నారు."

"నాదా, కాదా?"

"నీదే నాన్నా. నీ పద్ధతే, నీ దెబ్బలే. కాస్త..."

"నన్ను మేకులు కొట్టేవాడనుకో, చెవిటివాడనుకోకు. చెవుడుకి మీ మావయ్య ఉన్నాడు."

మావయ్య నీళ్ళు మింగేశాడు. "చెబుదామనే అనుకున్నా బావా. పది మాటలు నేను మాట్లాడితే నువ్వు ఒక ఊఁ అంటావు. నీతో ఇలాంటి కబురు ఎక్కణ్ణుంచి మొదలెట్టను?"

"మొదలెట్టడం నీకెప్పుడు వచ్చు గనక?"

అతని ముఖం పాలిపోయింది. నాకు జాలేమీ కలగలేదు.

అమ్మాయి గిటారు పక్కన పెట్టి నా ఎదురుగా వచ్చి నిలబడింది. "నీ చెయ్యి వణుకుతోంది నాన్నా. నువ్వు చెప్పవు. టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటే మాకు కనపడదా? ఆ టేపులో ఒక్క పాట నిలబడలేదు. టోపీ అయితే నిన్ను తీసేసి వేరే పేరు వేద్దామన్నాడు. నేనే ఒప్పుకోలేదు. నువ్వు లేకుండా నా ఆల్బమ్ ఏమిటని పోట్లాడాను. నీ పేరు ఉండాలని."

"పేరు ఎవరడిగారు?"

"నీ సంతోషం కోసం చేశాను నాన్నా!"

"తీసేసి ఉంటే కోపం వచ్చేది. నాలుగు రోజులు అన్నం దగ్గర ముఖం తిప్పుకునేవాణ్ణి, తర్వాత పోయేది. ఇది పోదు."

"మెషిన్లో సర్దుతారని చెప్పినప్పుడు నువ్వేమీ అనలేదు. మౌనం అర్ధాంగీకారం అంటారు కదా."

"మిగతా సగం ఎవరినడిగావు?"

దానికి ఏడుపు తన్నుకొచ్చింది. కళ్ళ కింద పూసుకున్నది చెరిగింది. వాళ్ళమ్మ కూడా అలాగే కింద పెదవి కొరుకుతూ ఏడ్చేది. ఇంకో రోజైతే తల నిమిరేవాణ్ణి. బయట టోపీ తలుపు కొట్టి "టైమైంది" అన్నాడు.

"ఏం చేస్తావు నాన్నా? చెబుతావా? చెబితే ఈ రోజుతో నా పని అయిపోతుంది. అబద్ధాల ఆల్బమ్ అంటారు. తర్వాత ఒక్కరూ కొనరు, పిలవరు."

"వాయిస్తాను. నా చేత్తో వాయిస్తాను. అది విన్నాక ఏమనుకుంటారో వాళ్ళిష్టం."

అదే నా ఆశ. చెప్పక్కర్లేదు, వింటే చాలు. వాయించింది నేనైతే, ఎంత వంకరగా ఉన్నా, ఈ ఒక్క సాయంత్రమైనా నాదవుతుంది.

దీపాలు ముఖాన పడ్డాయి. మొదటి పాట బావమరిది భుజం చూస్తూ లాక్కొచ్చాను. ఎడమచెయ్యి రెండుచోట్ల జారింది. అమ్మాయి గిటారు గట్టిగా మీటి కప్పేసింది. రెండో పాటలో పుల్ల వేళ్ళలోంచి జారి సింబల్ మీద పడింది. ఎవరో కిసుక్కుమన్నారు. ఒళ్ళంతా చెమట. అయినా మూడో పాట కోసమే కాచుకుని ఉన్నాను.

అమ్మాయి పాట. పల్లవి అయింది. హాలంతా చేతులు పైకెత్తి కాచుకుంది. నేను అంచు కొట్టలేదు. నా పద్ధతిలో మెత్తగా నడుపుకుంటూ పోయాను. దెబ్బ లేని చోట వాళ్ళ చప్పట్టు ఒక్కటే పడింది. సగంమంది కొట్టారు, సగంమంది మధ్యలో ఆపుకున్నారు. మనిషి లేని ఇంటి తలుపు కొట్టినట్టుంది ఆ చప్పుడు. అమ్మాయి వెనక్కి తిరిగి చూసింది. దాని కళ్ళలో కోపం లేదు, కొట్టు నాన్నా అని బతిమాలడం ఉంది. రెండో చరణం ముందూ కొట్టలేదు. ఈసారి చప్పట్లు రాలేదు. వెనక వరసల్లో మాటలు మొదలయ్యాయి. ఎవరో టీ కోసం లేచారు.

తక్కిన పాటలు బావమరిది గొంతు మీద గట్టెక్కాయి.

దిగి వస్తుంటే మెట్ల దగ్గర ఇద్దరు కుర్రాళ్ళు నాకు దారి ఇచ్చారు. ఒకడు అన్నాడు, "పాపం, పెద్దాయన ఇవాళ అలిసిపోయినట్టున్నాడు." రెండోవాడు అన్నాడు, "రికార్డులో వినాల్రా ఆయన్ని. అసలు మనిషి అక్కడున్నాడు."

చెవిటివాణ్ణి కానందుకు మొదటిసారి బాధపడ్డాను.

రికార్డుల బల్ల దగ్గర గుంపు కట్టారు. రేడియోలో పాటల గురించి మాట్లాడే ఆవిడ చేతిలో మైకుతో అమ్మాయి పక్కన నిలబడి ఉంది. నన్ను చూడగానే మైకు నా ముఖం ముందు పెట్టింది.

"తాతగారూ, ఆ టక్ ఇప్పుడు అందరి నోటా అదే. అంత చోటు వదిలి, ఒక్క దెబ్బ! ఆ ఆలోచన ఎలా వచ్చింది మీకు?"

గుంపు చుట్టూ మూగింది. దాని చివర కిరాయికి వాయించే ఆ మనిషి ఉన్నాడు, వెళ్ళలేదు. అమ్మాయి చెయ్యి బల్ల అంచుని పట్టుకుంది. చెప్పనన్న మాట నేను ఎవరికీ ఇవ్వలేదు. వాయించి చెబుదామనుకున్నాను, ఎవరూ వినలేదు. ఇక నోరే మిగిలింది.

"అది నాది కాదమ్మా" అన్నాను. "రికార్డులో వాయించింది నేను కాదు. అదిగో, అతను."

వేలు పెట్టి చూపించాను. ఒక్క క్షణం అందరూ అటు తిరిగారు. అతను గతుక్కుమన్నాడు. వెంటనే ముఖం సర్దుకుని రెండు చేతులూ జోడించాడు.

"పెద్దలు అలాగే అంటారు మేడమ్. ఆయన చేతిలో నేర్చుకున్నవాళ్ళం, మేమెంత!"

రేడియో ఆవిడ ఫక్కున నవ్వింది. "విన్నారు కదా! తన గొప్పతనం పక్కవాడి మీదకి తోసేశారు. ఈ రోజుల్లో ఎంతమందిలో ఉంటుందండీ ఇంత వినయం!" చప్పట్లు మోగాయి. హాల్లో నేను వాయించినంతసేపూ అంత గట్టిగా మోగలేదు.

"వినయం కాదమ్మా, నిజం" అన్నాను. మైకు అప్పటికే బావమరిది వైపు తిరిగిపోయింది. అతను బస్సు కథలు ఎత్తుకున్నాడు. ఈసారి ఎవరూ పొడవనక్కర్లేకపోయింది.

అమ్మాయి బల్ల అంచుని వదిలేసింది. దాని ముఖంలోంచి భయం దిగిపోవడం కళ్ళారా చూశాను. నన్ను ఎవరూ నమ్మలేదని తేలాక, ఆ రోజు మొత్తంలో మొదటిసారి, మనస్ఫూర్తిగా నా వైపు చూసి నవ్వింది.

కిరాయి మనిషి చెప్పకుండానే వెళ్ళిపోయాడు. మెట్ల దగ్గర నన్ను చూసి జాలిపడ్డ కుర్రాడు ఒక రికార్డు కొని, దాన్ని వెనక్కి తిప్పి, నా పేరు ఉన్నచోట కలం పెట్టి నాకిచ్చాడు.

"ఇక్కడ పెట్టండి తాతగారూ, మీ పేరు మీదే."

ఎడమచేత్తో అట్ట అదిమిపట్టాను. అది వణుకుతుంటే కుర్రాడే రెండోవైపు పట్టుకున్నాడు. అతని వెనక ఇంకా చాలామంది నిలబడి ఉన్నారు. కుట్టు పనిలో నా పేరు ఎవరూ ఎక్కడా రాయమనలేదు. రాసి చాలా కాలమైంది, మొదటి అక్షరం వంకరగా వచ్చింది. పేరు మాత్రం నాదే. అడిగినవాళ్ళందరికీ పెట్టాను.